పంచాయతీ ఆఫీసుకు వచ్చిన ఫైబర్ ఊరికి పనికొచ్చేలా చేయడం ఎలా?

"మా పంచాయతీకి ఫైబర్ వచ్చి రెండేళ్ళయింది, పెట్టె మీద లైట్లు కూడా వెలుగుతున్నాయి, కానీ ఊళ్ళో ఎవరికీ దానివల్ల ఒరిగిందేమీ లేదు, ఇప్పుడు ఏం చేయాలి?" ఈ ప్రశ్నను సర్పంచులు, పంచాయతీ కార్యదర్శులు, ఊళ్ళో చదువుకున్న పిల్లలు, విదేశాల్లో స్థిరపడి సొంత ఊరికి ఏదైనా చేయాలనుకునేవారు మళ్ళీ మళ్ళీ అడుగుతున్నారు. ఒక్కొక్కరికి విడివిడిగా జవాబు రాసే బదులు, మొదటి రోజు నుంచి మూడో నెల వరకు చేయవలసిన పనులను వరుసగా ఇక్కడ రాస్తున్నాను.

ఊరికి ఇంటర్నెట్ రావడం వేరు, అది ఊరి అవసరానికి అక్కరకు రావడం వేరు. నేను చూసినంతలో మూలపడిన కనెక్షన్లలో చాలావాటికి కారణం సాంకేతిక లోపం కాదు. రోజూ దాని తలుపు తీసే మనిషి లేకపోవడం, కరెంటు పోతే ఆదుకునే బ్యాటరీ లేకపోవడం, నెల బిల్లు ఎవరు కట్టాలో తేలకపోవడం అనే మూడే అసలు కారణాలు. అందువల్ల ఈ వరుసలో యంత్రాల కంటే ముందు మనుషుల సంగతి వస్తుంది.

నేపథ్యం అవసరమైనంత వరకే చెబుతాను. 2011లో కేంద్ర ప్రభుత్వం ఆమోదించిన జాతీయ ఆప్టికల్ ఫైబర్ పథకం 2015లో భారత్‌నెట్ అనే పేరు పొందింది, ప్రతి గ్రామపంచాయతీకి కనీసం 100 ఎంబీపీఎస్ (సెకనుకు మెగాబిట్లు) వేగం అందించడం దాని లక్ష్యం. ఆంధ్రప్రదేశ్‌లో ఏపీ ఫైబర్‌నెట్ తీగను ఎక్కువగా కరెంటు స్తంభాల మీదుగా లాగింది. తెలంగాణలో టీ-ఫైబర్ తీగను మిషన్ భగీరథ నీటి పైపులు వేసిన కందకాల్లోనే పరిచారు. ఈ తేడా తెలిసి ఉంటే లైను తెగినప్పుడు ఎక్కడ వెతకాలో తెలుస్తుంది. స్తంభాల మీది తీగను వరిగడ్డి ఎత్తుగా నింపిన ట్రాక్టరు, కోతులు, గాలివాన, స్తంభాలు మార్చే పనులు దెబ్బతీస్తాయి. భూమిలోని తీగకు రోడ్డు పక్కన తవ్వే జేసీబీతోను, పైపు లీకేజీ మరమ్మతులతోను ప్రమాదం.

ముందుగా సమకూర్చుకోవలసినవి

- బాధ్యత తీసుకునే ఇద్దరు మనుషులు. ఒకరు సెలవులో ఉంటే మరొకరు ఉండాలి. ఇద్దరిలో ఒకరు డ్వాక్రా సంఘం నుంచి వచ్చిన మహిళ అయితే, పంచాయతీ ఆఫీసు మెట్లెక్కడానికి సంకోచించే మహిళలు కూడా వస్తారు.
- నెట్‌వర్క్ తీగ పెట్టుకునే పోర్టు ఉన్న ఒక ల్యాప్‌టాప్ లేదా కంప్యూటర్, రెండు మీటర్ల నెట్‌వర్క్ తీగ.
- ఫైబర్ పెట్టెకు, రూటరుకు మాత్రమే కేటాయించిన చిన్న యూపీఎస్.
- కనెక్షన్ ఏ సంస్థదో, ఏ పేరున ఉందో తెలిపే కాగితం, ఫిర్యాదు నంబరు.
- గీతలున్న 200 పేజీల నోటు పుస్తకం ఒకటి. ఈ జాబితాలో అన్నిటికంటే చవకైనది, అన్నిటికంటే ఎక్కువ ఉపయోగపడేది ఇదే.

కొత్త కంప్యూటర్లు ఈ జాబితాలో లేవని గమనించండి. విదేశాల నుంచి డబ్బు పంపాలనుకునేవారు మొదట ఐదు కంప్యూటర్లు కొనిపెట్టాలనుకుంటారు. వాటికి బదులు రెండేళ్ళ నెల బిల్లు, రెండు బ్యాటరీలు, బాధ్యత తీసుకున్న మనిషికి చిన్న గౌరవ వేతనం ఇవ్వండి. కంప్యూటర్ల అవసరం ఆరు నెలల తర్వాత దానంతటదే తెలుస్తుంది.

1. ఉన్నదేమిటో కళ్ళతో చూడండి

పంచాయతీ ఆఫీసులో ఫైబర్ చేరిన పెట్టె ఎక్కడుందో చూడండి. చాలాచోట్ల అది ఓఎన్‌టీ అనే చిన్న తెల్ల పెట్టె. 2023 ఆగస్టులో ఆమోదం పొందిన సవరించిన భారత్‌నెట్ పథకం కింద కొత్తగా వేస్తున్న చోట్ల పెద్ద రూటరు ఉండవచ్చు. ఆ కొత్త ఏర్పాటులో పంచాయతీలను వలయంగా కలుపుతారు కనుక, ఒకవైపు తీగ తెగినా రెండోవైపు నుంచి ఇంటర్నెట్ అందుతుంది. మీ పంచాయతీ వలయంలో ఉందో లేదో సంస్థ సిబ్బందిని ఒకసారి అడిగి నోటు పుస్తకంలో రాసుకోండి.

ఓఎన్‌టీ అయితే లైట్లు చదవడం నేర్చుకోండి. "పవర్" వెలగకపోతే కరెంటు సంగతి చూడాలి. "పాన్" అనే లైటు నిలకడగా పచ్చగా వెలిగితే ఫైబర్ సవ్యంగా ఉన్నట్టు. "లాస్" అనే లైటు ఎర్రగా వెలిగితే లేదా మిణుకుమంటే కాంతి పెట్టె దాకా చేరడం లేదని అర్థం. పాన్ పచ్చగా ఉండి కూడా ఇంటర్నెట్ రాకపోతే, లోపం తీగలో కాదు, ఖాతాలోనో సెట్టింగుల్లోనో ఉంది. అప్పుడు లైన్‌మన్ వచ్చినా ప్రయోజనం ఉండదు, సంస్థ ఆఫీసులో సరిచేయాలి. ఈ ఒక్క తేడా తెలియక వారాల తరబడి లైన్‌మన్ కోసం ఎదురుచూసే పంచాయతీలు ఉన్నాయి.

హెచ్చరిక: ఫైబర్ తీగ కొసను కంటికి ఎదురుగా పెట్టి చూడకండి. అందులో వచ్చే కాంతి కంటికి కనిపించదు, అయినా హాని చేయవచ్చు. తీగను మేకుకు గట్టిగా చుట్టడం, తలుపు సందులో నలగనివ్వడం, మడిచి బల్ల వెనక దోపడం కూడా వద్దు. మూడు సెంటీమీటర్ల కంటే తక్కువ వ్యాసార్ధంతో వంపు తిప్పితే కాంతి కారిపోతుంది. తీగ కొసన ఉండే కనెక్టర్లలో పచ్చవాటిని పచ్చవాటికి, నీలివాటిని నీలివాటికి మాత్రమే కలపాలి. రెండూ చూడటానికి ఒకేలా ఉండి ఒకదానిలో ఒకటి దూరిపోతాయి, కానీ పచ్చదాని ముఖం ఏటవాలుగా కోసి ఉంటుంది కనుక సిగ్నల్ బాగా పడిపోతుంది.

2. ఊళ్ళో ఎవరు దేనికి తిరుగుతున్నారో కనుక్కోండి

ఇది ఆఫీసులో కూర్చుని చేసే పని కాదు. ఉదయం మండల కేంద్రానికి వెళ్ళే బస్సు లేదా ఆటో ఆగే చోట మూడు రోజులు నిలబడి, వెళ్ళేవారిని ఏ పని మీద వెళ్తున్నారో అడిగి రాసుకోండి. కుల, ఆదాయ ధ్రువపత్రాలు, భూమి నకలు, పింఛను సమస్య, స్కాలర్‌షిప్ దరఖాస్తు, బ్యాంకు పని, ఆసుపత్రి, ఫోటోస్టాట్ అంటూ పదిహేనో ఇరవయ్యో పనులు వస్తాయి. వాటిలో ఏవి ఊళ్ళోనే ఆన్‌లైన్‌లో పూర్తవుతాయో, ఏవి సగం పూర్తవుతాయో, ఏవాటికి మనిషే వెళ్ళక తప్పదో మూడు వరుసలుగా విడగొట్టండి.

మొదటి వరుసలోంచి రెండే రెండు పనులు ఎంచుకుని వాటితో ప్రారంభించండి. అన్ని సేవలూ అందిస్తామని బోర్డు రాయించిన చోట నెల తిరగకముందే "అక్కడికి వెళ్తే ఏదీ అవదు" అనే మాట పుడుతుంది. ఆ మాట పుట్టాక దాన్ని చెరపడం ఫైబర్ లాగడం కంటే కష్టం.

3. లైను చచ్చిపోయి ఉంటే బతికించండి

నోటిమాటగా చెప్పవద్దు. సంస్థ ఫిర్యాదు నంబరుకు ఫోన్ చేసి డాకెట్ నంబరు (ఫిర్యాదు నమోదైన సంఖ్య) తీసుకోండి, తేదీ, సమయం, మాట్లాడినవారు చెప్పిన జవాబు రాసుకోండి. అదే రోజు పంచాయతీ లెటర్‌హెడ్ మీద లేఖ రాసి, ప్రతిని ఎంపీడీఓ కార్యాలయంలో ఇచ్చి, ముద్ర వేసిన నకలు దాచుకోండి. లేఖలో "ఇంటర్నెట్ రావడం లేదు" అని రాసి ఊరుకోకుండా, ఏ లైటు ఏ రంగులో ఉందో, ఎప్పటి నుంచి ఉందో రాయండి. "ఫలానా తేదీ సాయంత్రం నుంచి లాస్ లైటు ఎర్రగా ఉంది, అదే రోజు బడి దగ్గర స్తంభం మార్చారు" అని రాస్తే మరమ్మతుకు వచ్చే మనిషి నేరుగా ఆ స్తంభం దగ్గరికే వెళ్తాడు.

సిబ్బంది వచ్చి బాగుచేసినప్పుడు, వెళ్ళేముందు వారి మీటరుతో పెట్టె దగ్గర కాంతి ఎంత చేరుతుందో కొలిపించి ఆ అంకె రాసుకోండి. అది డీబీఎం అనే కొలతలో మైనస్ గుర్తుతో ఉంటుంది. మైనస్ 15 నుంచి మైనస్ 25 మధ్య ఉంటే సాధారణంగా నిశ్చింత. మైనస్ 27 దాటితే లైను ఈరోజు పనిచేసినా రేపు వానకు పోతుంది. ఈ కొలత మూడు తగ్గితే కాంతి సగమైనట్టు లెక్క, అంటే నేడు మైనస్ 20 ఉన్నది ఆరు నెలలకు మైనస్ 23 అయితే ఎక్కడో అతుకు పాడవుతోందని ముందే గ్రహించవచ్చు.

ఎంత తిరిగినా లైను రాకపోతే, ఒకే దారిని పట్టుకుని కూర్చోకండి. స్థానిక కేబుల్ ఆపరేటర్ ఇచ్చే ఫైబర్ కనెక్షన్ ఉందేమో, భారత్‌నెట్ ఉద్యమిగా (ఆ పథకం కింద కనెక్షన్లు ఇచ్చే స్థానిక వ్యాపారిగా) పనిచేసే స్థానికుడు దగ్గరలో ఉన్నాడేమో విచారించండి. రెండూ లేకపోతే, సిమ్ వేసే 4జీ రూటరును మేడ మీద టవరు దిక్కుగా పెట్టి తాత్కాలికంగా నడపవచ్చు. ధ్రువపత్రాల దరఖాస్తులకు అది చాలు, వీడియో సంప్రదింపులకు మాత్రం నమ్మదగినది కాదు.

4. కరెంటు సంగతి తేల్చండి

ఓఎన్‌టీ, రూటరు కలిపి సుమారు 20 వాట్లు తీసుకుంటాయి. సాధారణ యూపీఎస్‌లో ఉండే 12 వోల్టుల, 7 ఆంపియర్-అవర్ బ్యాటరీలో లెక్క ప్రకారం 84 వాట్-అవర్ల శక్తి ఉంటుంది, నష్టాలు పోను ఈ రెండు పెట్టెలను మూడు గంటలు నడుపుతుంది. అదే యూపీఎస్‌కు కంప్యూటరు కూడా తగిలిస్తే ఇరవై నిమిషాలకు చేతులెత్తేస్తుంది. కాబట్టి పెట్టెలకు ఒక యూపీఎస్, కంప్యూటరుకు మరొకటి ఉండాలి. లేజర్ ప్రింటరును ఏ యూపీఎస్‌కూ తగిలించవద్దు. అది వేడెక్కేటప్పుడు ఒక్కసారిగా ఎక్కువ కరెంటు లాగుతుంది.

ఎర్తింగ్ ఉందో లేదో ఎలక్ట్రీషియన్‌తో చూపించండి. పిడుగులు పడే వేసవి సాయంత్రాల్లో మేడ మీది యాంటెన్నా, బయటి నుంచి వచ్చే రాగి నెట్‌వర్క్ తీగ ద్వారా వచ్చే దెబ్బకు పెట్టెలు కాలిపోతాయి. ఫైబర్ తీగ తనంతట తాను కరెంటును మోయదు, కానీ దానికి ఆసరాగా ఉండే ఇనుప తీగను గోడ దగ్గరే కత్తిరించాలి, లోపలికి తేకూడదు. చుట్టుపక్కల ఉరుములు మొదలైతే ప్లగ్గులు తీసేయడమే ఇప్పటికీ అన్నిటికంటే మంచి రక్షణ.

5. వేగాన్ని సరిగ్గా కొలవండి

కొలవడంలోనే ఎక్కువ తప్పులు జరుగుతాయి. ఫోనులో వైఫై పెట్టుకుని స్పీడ్ టెస్ట్ చేసినవారిలో చాలామంది మొబైల్ డేటా ఆపడం మరిచిపోతారు. వైఫై బలహీనపడగానే ఫోను తనంతట తాను డేటాకు మారిపోయి, టవరు వేగాన్ని ఫైబర్ వేగంగా చూపిస్తుంది. అందుకే ల్యాప్‌టాప్‌ను నెట్‌వర్క్ తీగతో నేరుగా పెట్టెకు తగిలించి, మిగతా పరికరాలన్నీ ఆపి కొలవండి. ఉదయం పది, మధ్యాహ్నం రెండు, రాత్రి ఎనిమిది గంటలకు చొప్పున మూడు రోజులు కొలిచి, డౌన్‌లోడ్, అప్‌లోడ్ రెండూ రాసుకోండి.

మీ ప్లాను 200 ఎంబీపీఎస్ అయినా ఎప్పుడు కొలిచినా 94 దగ్గరే ఆగిపోతుంటే, సంస్థను నిందించేముందు తీగను, రూటరు పోర్టును చూడండి. 100 ఎంబీపీఎస్ పోర్టు ఇవ్వగలిగింది అంతే. తీగలోని ఎనిమిది పోగుల్లో ఒకటి తెగినా ఇదే అంకె రావచ్చు. ఫైలు దిగుతున్నప్పుడు తెర మీద కనిపించేది మెగాబైట్లు, ప్లానులో రాసేది మెగాబిట్లు. ఎనిమిదితో భాగిస్తే లెక్క సరిపోతుంది కనుక, 100 ఎంబీపీఎస్ లైనులో ఫైలు సెకనుకు 12 మెగాబైట్ల చొప్పున దిగితే అంతా సవ్యంగా ఉన్నట్టే.

తీగతో కొలిస్తే వేగం బాగుండి వైఫైలో మాత్రం రాకపోతే, రూటరు ఎక్కడుందో చూడండి. దొంగల భయంతో దాన్ని ఇనుప బీరువాలో పెట్టి తాళం వేసిన పంచాయతీని నేనే చూశాను. సిగ్నల్ వరండా దాకా కూడా రాలేదు. తలకంటే ఎత్తులో, గోడకు బిగించిన గాలి ఆడే చెక్కపెట్టెలో పెడితే భద్రతా ఉంటుంది, సిగ్నలూ ఉంటుంది.

6. బడికి, ఆరోగ్య ఉపకేంద్రానికి, రైతు కేంద్రానికి చేర్చండి

పంచాయతీ ఆఫీసులో ఒక్కచోటే ఉంటే అది ఊరి ఇంటర్నెట్ కాదు, ఆఫీసు ఇంటర్నెట్. చేర్చడానికి మూడు దారులున్నాయి, దూరాన్ని బట్టి ఎంచుకోండి.

మొదటిది, భవనం 100 మీటర్ల లోపుంటే బయట వాడే రకం రాగి నెట్‌వర్క్ తీగ. 100 మీటర్లు దాటితే అది పనిచేయదని ముందే అనుకోండి. 120 మీటర్లకు లాగి "అప్పుడప్పుడు వస్తోంది" అని సరిపెట్టుకోవద్దు. కరెంటు తీగలకు పక్కనే కట్టవద్దు.

రెండవది, ఎదురుబొదురుగా పెట్టే రెండు చిన్న రేడియో పెట్టెలు. 5 గిగాహెర్ట్జ్ పట్టీలో నిర్ణీత శక్తికి లోబడి వాడే ఈ పరికరాలకు 2018 నుంచి ప్రత్యేక లైసెన్సు అక్కరలేదు. ఒక కిలోమీటరు దూరాన్ని సులభంగా దాటుతాయి, కానీ మధ్యలో ఏదీ అడ్డు ఉండకూడదు. చలికాలం చివర ఆకు రాలినప్పుడు బిగించి, ఉగాది నాటికి వేపచెట్టు చిగురించగానే సిగ్నల్ పోయిందని గాబరాపడటం మామూలే. బిగించేముందు ఒకరు ఈ మేడ మీద, మరొకరు ఆ మేడ మీద నిలబడి ఒకరినొకరు స్పష్టంగా చూడగలుగుతున్నారో లేదో చూసుకోండి, చెట్టు పెరిగే దిశను కూడా లెక్కలోకి తీసుకోండి.

మూడవది, బడికి, ఉపకేంద్రానికి విడిగా ఫైబర్ కనెక్షన్ తీసుకోవడం. బిల్లు పెరుగుతుంది, కానీ ఒకదాని మరమ్మతు మరొకదానిని ఆపదు. వైద్య సంప్రదింపులకు నేను దీన్నే సిఫారసు చేస్తాను.

7. అందరికీ వైఫై ఇవ్వాలంటే పాస్‌వర్డు గోడ మీద రాయకండి

రచ్చబండ దగ్గర వైఫై పెట్టాలన్న కోరిక మంచిదే. అయితే పంచాయతీ పేరున ఉన్న కనెక్షన్ పాస్‌వర్డును ఊరందరికీ చెబితే, దాని ద్వారా ఎవరు ఏ తప్పు చేసినా ఆరా మొదట పంచాయతీ దగ్గరికే వస్తుంది. దీనికి సరైన దారి 2020 డిసెంబరులో కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన పీఎం-వాణి అనే ప్రజా వైఫై పథకం. అందులో కిరాణా కొట్టు యజమాని, డ్వాక్రా సంఘం, పంచాయతీ ఎవరైనా పబ్లిక్ డేటా ఆఫీసుగా, అంటే ప్రజలకు వైఫై అందించే కేంద్రంగా మారవచ్చు. దానికి లైసెన్సు గాని, రిజిస్ట్రేషన్ గాని, ఫీజు గాని లేవు. వాడుకునేవారు తమ ఫోనులో యాప్ ద్వారా ఓటీపీతో ప్రవేశిస్తారు కనుక ఎవరు వాడారన్నది నమోదవుతుంది, ఆ లెక్కలు చూసుకునే బాధ్యత ఇలాంటి కేంద్రాలను కలిపి నడిపే అగ్రిగేటర్ సంస్థది.

పీఎం-వాణికి పనికొచ్చే యాక్సెస్ పాయింట్ (వైఫై పంచే పెట్టె) కొనేముందు అగ్రిగేటర్ సంస్థను ఎంచుకోండి. ముందే పెట్టె కొని తర్వాత అది సరిపడదని తెలిస్తే డబ్బు వృథా. కనెక్షన్ ఇచ్చే సంస్థ ఎక్కువ ధర చెబితే ఒక విషయం గుర్తుచేయండి: 200 ఎంబీపీఎస్ వరకు ఉన్న ఇంటి ఫైబర్ ప్లాన్లను పబ్లిక్ డేటా ఆఫీసులకు మామూలు ధరకు రెండింతలు మించకుండా ఇవ్వాలని 2025 జూన్‌లో టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ ఆదేశించింది.

వాడకం లెక్క కూడా వేసుకోండి. మామూలు నాణ్యతతో వీడియో చూసే ఫోను ఒక్కొక్కటి రెండు, మూడు ఎంబీపీఎస్ తీసుకుంటుంది. క్రికెట్ మ్యాచ్ రోజున ముప్పై ఫోన్లు కలిస్తే 100 ఎంబీపీఎస్ లైనులో పావు వంతు కూడా మిగలకపోవచ్చు. రూటరులో ప్రజల వైఫైకి వేగ పరిమితి పెట్టి, ఆఫీసు పనికి, ఉపకేంద్రానికి కనీసం 20 ఎంబీపీఎస్ విడిగా ఉంచండి.

8. ఎంచుకున్న పనులను నిలబెట్టండి

ధ్రువపత్రాలు, భూమి రికార్డులు: ఆంధ్రప్రదేశ్‌లో గ్రామ సచివాలయం, తెలంగాణలో మీసేవ ఇప్పటికే ఈ పనులు చేస్తున్నాయి. వాటికి పోటీగా మరో దుకాణం తెరవవద్దు. మీ కేంద్రం చేయవలసింది దరఖాస్తుకు ముందు, తర్వాత ఉండే పని: కావలసిన కాగితాలు స్కాన్ చేసి ఇవ్వడం, మీభూమిలోనో భూభారతిలోనో పేరు, విస్తీర్ణం సరిగా ఉన్నాయో చూపించడం, దరఖాస్తు ఎక్కడ ఆగిందో చూసి చెప్పడం. జనం ఎక్కువగా తిరిగేది ఈ చివరి దాని కోసమే.

వైద్యం: ఈ-సంజీవని అనే ప్రభుత్వ ఆన్‌లైన్ వైద్య సేవ ద్వారా ఉపకేంద్రంలోని సిబ్బంది రోగిని కూర్చోబెట్టి, దూరంలోని వైద్యుడితో మాట్లాడిస్తారు. తెలంగాణలో పల్లె దవాఖానా, ఆంధ్రప్రదేశ్‌లో విలేజ్ హెల్త్ క్లినిక్ అని పిలిచే చోట్ల ఇది నడుస్తుంది. ఇంటర్నెట్ వైపు నుంచి మీరు చూడవలసినవి మూడు: అప్‌లోడ్ వేగం కనీసం 2 ఎంబీపీఎస్ నిలకడగా ఉండాలి, కెమెరాకు ఎదురుగా వెలుతురు ఉండాలి, తలుపు వేసుకునే వీలుండాలి. మూడో దాన్ని తేలికగా తీసుకోకండి. నలుగురి ముందు తన జబ్బు చెప్పుకోవలసి వస్తే ఏ ఆడమనిషీ రెండోసారి రాదు.

పంట ధరలు: పసుపు రైతుకు నిజామాబాద్, దుగ్గిరాల ధరలు, మిర్చి రైతుకు గుంటూరు, ఖమ్మం, వరంగల్ ధరలు అగ్‌మార్క్‌నెట్ అనే ప్రభుత్వ మార్కెట్ ధరల వెబ్‌సైట్‌లో చూసి ప్రతి ఉదయం నల్లబల్ల మీద రాయండి. కనిష్ఠ, గరిష్ఠ, మోడల్ అని మూడు ధరలుంటాయి. గరిష్ఠ ధర ఒక్కటే రాస్తే, అది పలికింది ఒకరిద్దరి సరుకుకే కనుక, బండి కట్టుకుని వెళ్ళిన రైతు తిట్టుకుంటూ తిరిగివస్తాడు. ఎక్కువ సరుకు అమ్ముడైన మోడల్ ధరను పెద్ద అక్షరాలతో రాసి, మిగతా రెండూ పక్కన రాయండి, తేదీ మరవకండి.

చదువు: పోటీ పరీక్షలకు చదివేవారి కోసం సాయంత్రం ఆరు నుంచి తొమ్మిది దాకా గది తెరిచి ఉంచడమే చాలు. పాఠాల వీడియోలను రాత్రి రద్దీ తగ్గాక దింపి ఆఫీసు కంప్యూటర్‌లో ఉంచితే, లైను పోయిన రోజు కూడా చదువు ఆగదు.

9. మోసాల నుంచి కాపాడండి

ఇంటర్నెట్ కొత్తగా అలవాటైన ఊరికి మోసగాళ్ళు కూడా కొత్తగా వస్తారు. కేంద్రంలో ఎవరి ఓటీపీనీ నిర్వాహకుడు అడిగి తానే టైపు చేయకూడదు. ఆ మనిషే టైపు చేయాలి, చదవడం రానివారికి వారు తెచ్చుకున్న మనిషి చేయాలి. ఆధార్ స్కాన్లను పని పూర్తికాగానే కంప్యూటరు నుంచి చెరిపేయండి, డౌన్‌లోడ్స్ ఫోల్డరును, రీసైకిల్ బిన్‌ను ప్రతి సాయంత్రం ఖాళీ చేయండి. పథకం డబ్బు పడుతుందంటూ వాట్సాప్‌లో వచ్చే ఏపీకే ఫైళ్ళను (ఫోనులో యాప్ ఎక్కించే ఫైళ్ళను) ఎవరూ నొక్కవద్దని, డబ్బు పోతే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కు ఫోన్ చేయాలని తలుపు మీద పెద్దగా రాయండి. గంటల్లో చేసిన ఫిర్యాదుకు, మూడు రోజుల తర్వాత చేసిన దానికి చాలా తేడా ఉంటుంది.

10. బిల్లు, తీర్మానం, నోటు పుస్తకం

కనెక్షన్ బిల్లు ఏ ఖాతా నుంచి, ఏ తేదీన కట్టాలో గ్రామపంచాయతీ తీర్మానంలో స్పష్టంగా రాయించండి. వ్యక్తులు చేతి నుంచి కట్టే పద్ధతి మూడు నెలలకు మించి నడవదు. స్కానింగ్‌కు, ప్రింటుకు చిన్న రుసుము తీసుకుంటే రేటు పట్టిక గోడ మీద ఉండాలి, రాబడి పుస్తకంలో ఉండాలి.

నోటు పుస్తకంలో ప్రతి మనిషికి ఒక గీత: తేదీ, వచ్చిన పని, పూర్తయిందా లేదా, కాకపోతే ఎందుకు కాలేదు. పేరుకు బదులు వీధి రాస్తే చాలు. లైను పోయిన సమయం, తిరిగి వచ్చిన సమయం చివరి పేజీల్లో రాయండి. సంస్థతో మాట్లాడేటప్పుడు "ఎప్పుడూ రాదు" అనే మాటకు విలువ ఉండదు, "గత నెలలో 11 రోజులు, మొత్తం 63 గంటలు రాలేదు" అనే లెక్కను కాదనలేరు.

మూడో నెలలో ఫలితాన్ని ఇలా పరీక్షించండి

మొదట పూర్తయిన పనుల శాతం చూడండి. పదిమంది వస్తే ఏడుగురి పని కావడం లేదంటే పని ఎంపికలో తప్పుంది, రెండో దశకు తిరిగి వెళ్ళండి. తర్వాత, ఏ వీధుల నుంచి ఎవరూ రాలేదో చూడండి. ఊరి చివరి కాలనీ నుంచి, తండా నుంచి ఒక్క గీత కూడా లేకపోతే, వారానికి ఒక రోజు ల్యాప్‌టాప్ తీసుకుని అక్కడికే వెళ్ళాలి. వచ్చినవారిలో మహిళలెందరో లెక్కించడానికి పుస్తకంలో ఒక గుర్తు పెట్టుకోండి.

మిగిలిన ఖర్చును కూడా లెక్కకట్టండి. మండలానికి రానుపోను ఛార్జీ 60 రూపాయలు, పోయే కూలి 400 రూపాయలు అనుకుంటే, నెలకు 80 ప్రయాణాలు తప్పితే ఊరికి 36,800 రూపాయలు మిగిలినట్టు. మీ ఊరి అంకెలతో వేసిన ఈ లెక్కను గ్రామసభలో చదివితే, బిల్లు కట్టడం దండగ అనేవారికి వేరే జవాబు అక్కరలేదు. లెక్క తక్కువగా వచ్చినా దాచకుండా చదవండి.

చివరిగా ఒక పరీక్ష. బాధ్యత తీసుకున్న ఇద్దరినీ ఒక రోజు ఇంట్లోనే ఉండమని చెప్పి, మూడో మనిషితో గది తెరిపించి చూడండి. రూటరు పాస్‌వర్డు, కనెక్షన్ ఖాతా నంబరు, ఫిర్యాదు నంబరు, లైను సిబ్బంది ఫోను, యూపీఎస్ కొన్న తేదీ ఒక కవరులో రాసిపెట్టి ఉంటే ఆ మనిషి పని నడిపిస్తాడు. ఉద్యోగం వచ్చి హైదరాబాదుకు వెళ్ళిపోయిన కుర్రవాడికి ఫోన్ చేసి పాస్‌వర్డు అడగవలసి వస్తే, ఆ కవరు ఇంకా తయారు కాలేదన్నమాట. ఆ సాయంత్రమే రాసి, సీలు వేసి, కార్యదర్శి బీరువాలో పెట్టించండి.